కొత్త కాపురంలో సొంత పండగ

హొసూరు పక్కన కెలవరపల్లి చుట్టూ ఉన్న ఊళ్ళలో ఒక కొత్త కాపురం నిలబడిందని చెప్పే తొలి సర్కారు కాగితం చాలాసార్లు రేషన్ కార్డే. తమిళనాడులో పెళ్ళైన జంటకు వేరే కార్డు కావాలంటే ముందు అబ్బాయి పేరు వాళ్ళింటి కార్డులోంచి, అమ్మాయి పేరు పుట్టింటి కార్డులోంచి తీయించుకోవాలి. రెండు ఇళ్ళలో రెండు పేర్లు కొట్టేస్తేగానీ మూడో ఇల్లు లెక్కలోకి రాదు. ఆ కార్డు చేతికొచ్చాక ఎదురయ్యే మొదటి జనవరికి ఒక విశేషం ఉంటుంది. ఇటీవలి ఏళ్ళలో పొంగల్ కానుకగా ఇస్తున్న కిలో పచ్చిబియ్యం, కిలో చక్కెర, నిండు చెరకు గడ ఈ ఇంటికంటూ విడిగా వస్తాయి. అవి అమ్మ వాటాలోవి కావు, అత్త వాటాలోవీ కావు. రేషన్ అంగడి నుంచి ఆ గడను బండి మీద అడ్డంగా పెట్టుకుని ఇల్లు చేరాక ఇద్దరి ముందూ ఒకే ప్రశ్న నిలబడుతుంది. మన ఇంట్లో పండగ ఎట్లా చేద్దాం?

ఆ ప్రశ్న విజయవాడలోనో తిరుచ్చిలోనో ఇంత గట్టిగా రాదు. అక్కడ వీధి వీధంతా ఒకటే పద్ధతి. హొసూరులో ఒకే మేడలో నాలుగు వాటాలుంటే నాలుగు రకాల పండగ జరుగుతుంది.

అందుకు కారణం ఈ ఊరున్న చోటు. నంది కొండల్లో పుట్టి బెంగళూరు పొలిమేరల మీదుగా వచ్చే దక్షిణ పినాకినికి తమిళనాడులో ఎదురయ్యే మొదటి జలాశయం కెలవరపల్లి. పూర్తి నీటిమట్టం 44.28 అడుగులు. కుడి, ఎడమ కాలవల కింద దాదాపు 8 వేల ఎకరాలు తడుస్తాయి. ఆ కొండల వైపే పుట్టిన ఉత్తర పినాకిని నెల్లూరు దాటి సముద్రంలో కలిస్తే, ఇది కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టలు దాటుకుని కడలూరు దగ్గర కలుస్తుంది. పాతకాలం నుంచి మొరసునాడు అని పిలిచే ఈ నేల మీద కోలారు కన్నడం, చిత్తూరు తెలుగు, ధర్మపురి తమిళం ఒకే సంతలో బేరమాడుకుంటాయి. పైగా హొసూరు ఫ్యాక్టరీల ఊరు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడినుంచే రోడ్డెక్కింది. అశోక్ లేలాండ్, టైటాన్ ఆ దశాబ్దంలోనే ఇక్కడ పని మొదలుపెట్టాయి. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పనికోసం మూడు రాష్ట్రాల పిల్లలూ వచ్చారు. వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, ఇళ్ళు అద్దెకు తీసుకుని, షిఫ్టుల మధ్య సందు చూసుకుని పండగలు చేసుకుంటున్నారు.

ఒక జంటను ఊహించుకుందాం. అమ్మాయిది పలమనేరు వైపు, అబ్బాయిది బాగలూరు. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఎదురింటివాళ్ళది మాలూరు, కన్నడం. పై వాటాలో ధర్మపురి నుంచి వచ్చిన తమిళులు. ఈ జంటకు డిసెంబరు చివరినుంచి జనవరి మధ్యదాకా నడిచే పండగ రోజుల్లో ఎన్ని దారులు కనిపిస్తాయో చూడండి.

భోగి తెల్లవారుజామున మంట అందరిదీ. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఏటా టైర్లు, ప్లాస్టిక్ కాల్చొద్దని చెబుతూనే ఉంటుంది. ఆ మాట విని నాలుగు పిడకలు, రెండు ఎండు కట్టెలతో సరిపెట్టుకునే ఇళ్ళు పెరిగితే అందరికీ మంచిది. మరుసటి రోజు పొంగలి. తమిళుల ఇంట కొత్త కుండకు పసుపు మొక్క కట్టి, ఎదురుగా చెరకు గడలు నిలబెట్టి, పాలు పొంగి కుండ అంచు దాటేవేళ అందరూ కలిసి కేకవేస్తారు. పెళ్ళైన మొదటి ఏడైతే దాన్ని తల పొంగల్ అంటారు. అమ్మాయి పుట్టింటినుంచి కంచు కుండో ఇత్తడి కుండో, బియ్యం, బెల్లం, చెరకు, పసుపు కొమ్ములు, కొత్త బట్టలు ‘సీరు’గా వస్తాయి. హొసూరు తెలుగువాళ్ళలోనూ ఈ సీరు పంపే ఇళ్ళున్నాయి. మనవైపు కొత్త అల్లుడు సంక్రాంతికి అత్తారింటికి వెళ్ళి మర్యాదలు అందుకుంటే, ఇక్కడ మర్యాదే బుట్టలో కూర్చుని కొత్త కాపురం దగ్గరికి వస్తుంది.

అల్లుడి మర్యాద అనగానే గోదావరి జిల్లాలు గుర్తురాక మానవు. 2022 జనవరిలో నరసాపురంలో ఒక కుటుంబం, తమ ఇంటికి కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించింది. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. ప్రేమను అంత బాహాటంగా చూపించగలగడం గొప్పే. కానీ ఆ విందులో జంట చేయాల్సిన పనేమీ లేదు, కూర్చుని తినడం తప్ప. కొత్త కాపురం తనంతట తాను పండగ చేసుకోవడంలో వేరే సంగతి ఉంది. అందులో ఇద్దరి చేతులూ పిండిలో పడాలి.

చేతులు పడే పని అంటే మొదట చెప్పాల్సింది నువ్వుబెల్లం గురించి. కన్నడ ఇళ్ళలో సంక్రాంతికి ‘ఎళ్ళు బీరువుదు’ అని ఒక ఆచారం. తెల్ల నువ్వులు, అచ్చు బెల్లం, ఎండుకొబ్బరి, వేయించి పొట్టు తీసిన చెనక్కాయ పప్పు, పుట్నాల పప్పు కలిపి, పక్కన చెరకు ముక్క, చక్కెర అచ్చు పెట్టి ఇరుగుపొరుగుకు పంచుతారు. నువ్వుబెల్లం తిని నాలుగు మంచిమాటలు ఆడుకుందామని దాని భావం. పంచడం ఒక్క సాయంత్రమే. తయారీ మాత్రం వారం ముందే మొదలవుతుంది. కొబ్బరి చిప్ప వెనక ఉన్న నల్ల పొర గీకి, సన్న ముక్కలుగా తరిగి, ఎండబెట్టాలి. బెల్లాన్ని కత్తిపీట మీద అంతే సైజుకు కొట్టాలి, పొడి కాకూడదు. చెమ్మ మిగిలితే నాలుగోనాటికి అంతా ముద్దకడుతుంది. చక్కెర అచ్చులైతే మరీ ఓపిక. పాకంలో కాసిని పాలు పోసి మురికి తీసి, బొమ్మలు చెక్కిన కొయ్య అచ్చుల్లో పోసి, ఆరాక విరగకుండా తీయాలి. రెండో షిఫ్టు నుంచి రాత్రి ఇల్లు చేరిన మనిషి ఒక పళ్ళెం ముందేసుకుని కొబ్బరి తరుగుతూ, ఎదుట కూర్చున్న మనిషి చెప్పే రోజు ముచ్చట్లు వింటూ ఉంటే, ఆ గంటసేపూ ఫోన్ పక్కనే పడి ఉంటుంది. ఇంతకన్నా మంచి పండగ ఏర్పాటు ఇంకేముంటుంది?

ఇందులో కొత్త పెళ్ళికూతురికి ప్రత్యేకంగా ఒక లెక్క ఉంది. పెళ్ళైన మొదటి సంక్రాంతికి ముత్తయిదువలకు నువ్వుబెల్లంతోపాటు అయిదేసి అరటిపళ్ళు ఇస్తుంది. రెండో ఏడు పది. మూడో ఏడు పదిహేను. అట్లా అయిదేళ్ళు. కర్ణాటకలో నడిచే ఈ ఆచారం రాష్ట్రం గీత దగ్గర ఆగిపోదు. ఏటేటా పెరిగే ఆ పళ్ళ సంచీ వీధివాళ్ళకు ఒక సంగతి చెబుతుంది. ఈ ఇల్లు నిలబడింది, నిలబడి ఇన్నేళ్ళయింది. మన తెలుగిళ్ళలో కొత్త పెళ్ళికూతురు పెళ్ళైన ఏటినుంచి అయిదేళ్ళు శ్రావణ మంగళవారాల్లో మంగళగౌరిని పూజించడంలోనూ ఇదే అయిదేళ్ళ లెక్క ఉంది. కాపురంలో మొదటి అయిదేళ్ళను పెద్దవాళ్ళు అంత జాగ్రత్తగా చూశారు. అప్పుడే ఇద్దరూ ఒకరికొకరు అలవాటుపడతారు, అప్పుడే ఎక్కువగా తగువులాడుకుంటారు కూడా.

పలమనేరు అమ్మాయికి ఈ నువ్వుబెల్లం పద్ధతి పుట్టింట్లో లేకపోవచ్చు. ఎదురింటి మాలూరు అక్క రెండేళ్ళు వరసగా పళ్ళెం పట్టుకొచ్చి ఇస్తే, మూడో ఏడు ఖాళీ పళ్ళెం తిరిగివ్వడానికి మనసొప్పదు. తనూ చేస్తుంది. నాలుగో ఏడు ఎవరూ గుర్తుచేయకపోయినా డిసెంబరు నెలాఖరుకు కొబ్బరి కొని ఉంచుతుంది. ఆచారాలు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి దాటేది ఇట్లాగే. ఏ పురాణమూ చెప్పకుండా, ఏ పురోహితుడూ రాకుండా.

ఇంకొకటి అనపకాయలు. మార్గశిరం మంచు పడ్డప్పటినుంచి సంక్రాంతి దాటేదాకా హొసూరు, కృష్ణగిరి సంతల్లో వీటిదే రాజ్యం. బెంగళూరులో ఈ కాయలకోసం ఏటా ఒక మేళానే పెడతారు. కాయ ఒలిచి, గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పితికితే పొట్టులోంచి పప్పు జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిన పప్పు. ఎండుకొబ్బరి, ధనియాలు, తెల్లగడ్డలు, లవంగాలు నూరి పోసి ఉడికిస్తే, రాగిసంగటిలోకి దానికి సాటి లేదు. కిలో గింజలు ఒక్కరే పితకాలంటే వేళ్ళు పుండ్లు పడతాయి. ఇద్దరు కూర్చుంటే అరపూటలో అయిపోతుంది. చిత్తూరు నుంచి కోలారు దాకా ప్రతి ఇంటికీ తెలిసిన ఈ వంట కొత్త జంటకు చెప్పకుండానే సరిపోతుంది. జనవరిలో ఒక ఆదివారాన్ని ‘పితికిన పప్పు ఆదివారం’గా పెట్టుకుంటే అది పంచాంగంలో లేని పండగే. పండగ కావడానికి పంచాంగం ఒక్కటే దారి కాదు మరి.

అట్లాంటి ఇంటి అలవాటు లోకమంతా పాకిన సందర్భం ఒకటుంది. 1840 ఫిబ్రవరిలో బ్రిటన్ రాణి విక్టోరియా జర్మనీకి చెందిన ఆల్బర్ట్‌ను పెళ్ళాడింది. ఆయన పెరిగిన ఇంట్లో క్రిస్మస్‌కు చెట్టు తెచ్చి కొవ్వొత్తులతో అలంకరించేవాళ్ళు. ఇంగ్లండు రాజకుటుంబానికి ఆ చెట్టు పూర్తిగా కొత్తదేమీ కాదు, జర్మనీ నుంచి కోడలిగా వచ్చిన షార్లెట్ రాణి 1800లోనే ఒకటి పెట్టించింది. కానీ మామూలు జనం ఇళ్ళలోకి అది రాలేదు. ఆల్బర్ట్ తన చిన్ననాటి అలవాటును ఈ కొత్త కాపురంలో ఏటా పట్టుగా నడిపాడు. 1848 డిసెంబరులో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రిక, విండ్సర్ కోటలో పిల్లలతో కలిసి చెట్టు చుట్టూ నిలబడిన ఆ దంపతుల బొమ్మను అచ్చువేసింది. రెండేళ్ళకు అమెరికాలోని ఒక మహిళా పత్రిక అదే బొమ్మను, రాణి తలమీది కిరీటం, ఆల్బర్ట్ మీసం తీసేసి, ఒక మామూలు కుటుంబం బొమ్మలాగా వేసుకుంది. అక్కడినుంచి ఆ చెట్టు ఇంటింటికీ చేరింది. ఈవేళ బెంగళూరు దుకాణాల్లో డిసెంబరులో కనబడే ప్లాస్టిక్ చెట్టు వెనక, భర్త పుట్టింటి ఆచారాన్ని తన ఇంట్లోకి రానిచ్చిన ఒక భార్య ఉంది.

మనకు మగవాడి పుట్టింటి ఆచారమే ఇంటి ఆచారమైపోవడం అలవాటు కాబట్టి, ఇందులో వింతేముందని అనిపించవచ్చు. హొసూరు అద్దె ఇళ్ళలో జరుగుతున్నది అంతకన్నా సమంగా ఉంది. అత్త ఒకచోట, అమ్మ ఇంకోచోట ఉండి, ఈ ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఎవరి పద్ధతి గెలవాలన్న పట్టు కాస్త సడలుతుంది. ఓళిగలు అతని అమ్మ చేసే తీరులో, పొంగలి ఆమె అమ్మ చేసే తీరులో. ఓళిగల పూర్ణం కుదరకపోతే ఆమే బాగలూరుకు ఫోన్ చేసి, “అత్తా, బెల్లం ఏ పదునుకి దించాల?” అని అడుగుతుంది. అతను పలమనేరుకు ఫోన్ చేసి పితికిన పప్పులో ఎర్రగడ్డలు వేస్తారా వేయరా అని మామను కాదు, అత్తనే అడుగుతాడు. అల్లుడు వంట సంగతి అడగడం పాతతరంలో ఎక్కడా వినని మాట.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని ఊరికే వదల్లేదు. కుటుంబాల్లోని ఆచారాల మీద యాభై ఏళ్ళపాటు జరిగిన పరిశోధనల్ని బార్బరా ఫీజీ, ఆమె సహచరులు 2002లో ఒకచోట చేర్చి పరిశీలించారు. ఇంటి ఆచారాలకూ దంపతుల తృప్తికీ సంబంధం ఉందని అందులో తేలింది. 2019లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ నార్టన్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రత్యేకంగా జంటల మీదే పనిచేశారు. తమకంటూ కొన్ని పద్ధతులున్న జంటలు బంధంలో ఎక్కువ తృప్తిగా ఉన్నామని చెప్పాయి. ఇందులో గమనించదగ్గ సంగతి, అది తమ ఇద్దరి పద్ధతేనని ఇద్దరూ ఒప్పుకోవడం. ఒకరు ఎంతో మురిపెంగా చేస్తున్నదాన్ని రెండోవాళ్ళు పట్టించుకోకపోతే ఆ ఫలం అంతగా కనబడదు. ఇదేమీ ఆచారం వల్లే కాపురం బాగుపడుతుందని తేల్చిచెప్పే రుజువు కాదు. సంతోషంగా ఉన్నవాళ్ళే ఇట్లాంటివి చేసుకుంటారని కూడా అనవచ్చు. అయినా కొబ్బరి తరిగే పళ్ళెం ముందు ఇద్దరూ కూర్చోవాలన్న మాటకు అది బలమే.

హొసూరు తెలుగు జంటల విషయంలో ఇంకో పెద్ద సంగతి ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2006లో తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఆ ఒకటో తరగతి పిల్లలు 2016లో పదో తరగతి పరీక్షలు రాశారు. లెక్క వేస్తే, ఇప్పుడు ఈ ప్రాంతంలో పెళ్ళిపీటలెక్కుతున్నది వాళ్ళే. తరతరాలుగా తెలుగు బడులున్న పల్లెల్లో పుట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడి, రాయాల్సి వచ్చేసరికి తమిళంలో రాసుకునే పిల్లలు ఈ తరంలో ఎంతోమంది. తమిళం నేర్చుకోవడం మంచిదే, అది వాళ్ళు పుట్టిన నేల భాష. కానీ అమ్మ భాషలో చదువు పోతే ఆ భాషలోని మాటలు బతకడానికి చోటు కావాలి. గొబ్బెమ్మ, పులగం, పిడక, పొలి, పసుపుముద్ద లాంటి మాటల్ని పాఠ్యపుస్తకం నేర్పదు. పండగ పూట చేతిలో వస్తువు పట్టుకుని ఎవరో ఒకరు పలికితేనే చెవిన పడతాయి. ఈ జంటలు ఇంట్లో చేసుకునే చిన్న పండగ, రేపు పుట్టబోయే పిల్లలకు తెలుగు వినబడే బడి కాబోతోంది. అందుకే వాళ్ళు వంటల కొలతలు తమిళ లిపిలో రాసుకున్నా సరే, అమ్మమ్మలు చెబుతుండగా ఫోన్లో ఆ గొంతును కూడా దాచుకుంటే మేలు. కొలత కాగితం మీద మిగులుతుంది, యాస గొంతులోనే మిగులుతుంది.

సంప్రదాయం కదలకూడదని పట్టుబట్టే పెద్దలకు సంక్రాంతి గురించే ఒక మాట చెప్పొచ్చు. ఆ పండగే కదులుతోంది. స్వామి వివేకానంద 1863లో మకర సంక్రాంతి నాడు పుట్టారు. ఆ రోజు జనవరి 12. 2024లో సంక్రాంతి జనవరి 15న వచ్చింది. నక్షత్రాలను బట్టి లెక్కించే మన సంవత్సరం, రుతువులను బట్టి నడిచే ఇంగ్లీషు సంవత్సరం కన్నా దాదాపు 20 నిమిషాలు పెద్దది. ఏటా ఆ 20 నిమిషాలు పేరుకుని, 72 ఏళ్ళకు ఒక రోజు అవుతుంది. సూర్యుడి పండగే తారీఖు మార్చుకుంటుంటే, షిఫ్టు అయ్యాక సాయంత్రం ఆరింటికి పొంగలి పెట్టుకున్న జంటను తప్పుపట్టడం న్యాయం కాదు.

బొమ్మల కొలువు సంగతీ అంతే, చోటును బట్టి మారుతుంది. కోస్తాలో కొలువు సంక్రాంతికి పెడతారు, తమిళుల గొలు నవరాత్రికి. తమిళిళ్ళలో పెళ్ళికూతురికి మరపాచ్చి అనే కొయ్య బొమ్మల జంటను ఇచ్చి, వాటితో కొత్త కొలువు మొదలుపెట్టమంటారు. తర్వాత ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలి. హొసూరు జంటకు ఒకవైపు చన్నపట్న లక్కబొమ్మలు దగ్గర, సొంతవాళ్ళు తెచ్చిపెడితే కొండపల్లి పొణికి బొమ్మలూ అందుతాయి. ఏడాదికొకటి కొంటూ పోతే పదేళ్ళకు చిన్న మెట్ల వరస నిండుతుంది.

ఇక మిగిలింది ఎక్కడికి పోవాలన్న పంచాయితీ. తెలుగువాళ్ళు కనుమనాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు, పశువుల్ని పూజిస్తారు, మినుము తింటారు. చిత్తూరు పల్లెల్లో కనుమ సాయంత్రం చిట్లకుప్ప కాల్చి పశువుల్ని దాటిస్తారు. తమిళుల మాట్టుపొంగల్ కూడా అదే రోజు. కానీ ఆ మరుసటి రోజు, మనకు ముక్కనుమ అయితే, తమిళులకు కాణుం పొంగల్. అంటే ఇల్లు వదిలి బంధువుల్నీ, నదినీ, ఊళ్ళనూ చూసిరావాల్సిన రోజు. మన కోస్తాలో ముక్కనుమ నాడే కొత్త పెళ్ళికూతుళ్ళు సావిత్రి గౌరీదేవి బొమ్మల నోము పడతారు. కొంతమంది ఇళ్ళలో ఆ పూట మాంసం వండుతారు. ఒకే రోజుకు ఇన్ని పనులు. హొసూరులో ఉన్నవాళ్ళకు సులువైన దారి, కనుమకు ఇల్లు కదలకుండా ఉండి, ముక్కనుమకు బయలుదేరడం. రెండు పద్ధతుల్లో ఏదీ తప్పినట్టు కాదు.

ఎక్కడికి? కృష్ణగిరి ఆనకట్టకు. దాన్ని కామరాజ్ 1957 నవంబరులో ప్రారంభించారు. అక్కడ పార్కు ఉంది, పిల్లలూ పెద్దలూ చద్దిమూటలతో వస్తారు. చిత్రాన్నం, పెరుగన్నం, పొద్దున్నే వేసిన వడలు కట్టుకుని పోవడం ఇప్పటికే ఎన్నో కుటుంబాల అలవాటు. దగ్గరున్న కెలవరపల్లి ఆనకట్ట పక్కనే కూర్చుని తినాలని ఉన్నా, బెంగళూరు వైపునుంచి వచ్చే మురుగు, రసాయనాల వల్ల నీళ్ళ మీద తెల్లటి నురుగు గుట్టలు గుట్టలుగా లేచిన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఎన్నో జంటల కొత్త పండగలకు ఇల్లైన ఈ ఊరి నది, ఒక పూట ఒడ్డున కూర్చునేందుకైనా పనికిరాకుండా పోవడం బాధ కలిగిస్తుంది. ఇంట్లో ఎన్ని పద్ధతులు కొత్తగా కట్టుకున్నా ఆ నీటిని బాగుచేయడం ఇద్దరి చేతుల్లో లేని పని. దానికి రెండు రాష్ట్రాలు కూర్చోవాలి. అప్పటిదాకా కెలవరపల్లి చుట్టుపక్కల జంటలు ముక్కనుమ పొద్దున చద్దిమూట బండికి తగిలించుకుని, నలభై యాభై కిలోమీటర్లు ఎక్కువైనా కృష్ణగిరి దారి పట్టాల్సిందే.